ఏకకాలంలో ఎనిమిదా, ఒకదాని తరువాత ఒకటా? – అవధాన విమర్శలో ఒక నిర్వచనం: పునఃపరిశీలన

వ్యాససంగ్రహం:
అష్టావధానమంటే ఒకే సమయంలో ఎనిమిది పనులు చేయడమన్న నిర్వచనం తెలుగు సాహిత్య విమర్శలో స్థిరపడిపోయింది. అవధాన సభ నడిచే తీరుకు ఈ నిర్వచనం సరిపోదనీ, పైగా అవధాని అసలు నేర్పు ఎక్కడుందో కనిపించకుండా చేస్తోందనీ ఈ వ్యాసం వాదిస్తుంది. పరిమితమైన ఏకాగ్రతను మెదడు ఎలా పంచుకుంటుందనే విషయమై ప్రయోగాత్మక మనోవిజ్ఞానం తేల్చిన కొన్ని అంశాల వెలుగులో నిషిద్ధాక్షరి, సమస్య, దత్తపది, ఘంటాగణనం, అప్రస్తుత ప్రసంగం మొదలైన అంశాలను ఇందులో పరిశీలించడం జరిగింది. ముద్రిత అవధాన సంకలనాలను మాత్రమే ఆధారంగా తీసుకునే పరిశోధన పద్ధతికున్న పరిమితి కూడా చర్చకు వచ్చింది.

కీలకపదాలు: అవధానం, ఏకాగ్రత, ధారణ, నిషిద్ధాక్షరి, ఘంటాగణనం, అప్రస్తుత ప్రసంగం, క్రియాత్మక స్మృతి.

1. ఒక పదం, రెండు శాస్త్రాలు

బి.ఎడ్. తరగతిలో మనోవిజ్ఞానం బోధించే అధ్యాపకుడూ, ఎం.ఏ. తెలుగు తరగతిలో పద్యప్రక్రియలు బోధించే అధ్యాపకుడూ ఒకే పదాన్ని వాడతారు. మొదటివారి పాఠంలో అవధానమంటే ఒక విషయం మీద మనస్సును నిలపడం. రెండోవారి పాఠంలో అవధానమంటే ఎనిమిదిమందో వందమందో పృచ్ఛకులు అడిగినవాటిని పద్యాలుగా పూరించి, చివర ధారణ చేయడం. ఎన్.సి.సి. మైదానంలో వినిపించే ‘సావధాన్’ కూడా ఈ కుటుంబంలోనిదే. వేదపండితులకు ‘అవధానులు’ అన్న వ్యవహారం ఉండనే ఉంది. పదం ఇంతగా కలిసివచ్చినా, ఈ రెండు శాస్త్రాలు ఒకదాని గుమ్మం మరొకటి తొక్కిన సందర్భాలు అరుదు.

తొక్కినప్పుడు కూడా జరిగేది పొగడ్తే. మనోవిజ్ఞానం నుంచి ఒక మాట అరువు తెచ్చుకుని, అవధాని మెదడు సామాన్యుల మెదడుకు అతీతమైనదనీ, ఈనాటి యువత గొప్పగా చెప్పుకునే ‘మల్టీటాస్కింగ్’ మనకు ఎప్పుడో తెలుసుననీ చెప్పి ముగిస్తారు. అవధానం మీద అభిమానం ఉన్న వ్యాసకర్తకు ఇటువంటి వాక్యాలు రాయాలన్న ఆశ కలగకపోదు. అయితే పొగడ్తను నిరూపణగా తీసుకుంటే నష్టపోయేది అవధానమే. మనిషి మనస్సు ఒకేసారి చేయలేని పనిని అవధాని చేస్తున్నాడని మనం చెప్పి, అతడు చేస్తున్నది అది కాదని రేపు ఎవరైనా చూపిస్తే, అతడు నిజంగా చేసిన పని కూడా సందేహంలో పడుతుంది.

2. ‘ఏకకాలం’ ఎక్కడ ఉంది?

సభలో జరిగేది చూద్దాం. మొదటి ఆవృత్తిలో నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు విషయం చెబుతాడు. అవధాని ఒక్కొక్క అక్షరమే చెబుతూ పోతుంటే, తరువాత రావడానికి అవకాశమున్న అక్షరాన్ని పృచ్ఛకుడు నిషేధిస్తూ పోతాడు. ఒక పాదం పూర్తవుతుంది. అక్కడ ఆపి అవధాని సమస్య వైపు తిరుగుతాడు, ఒక పాదం చెబుతాడు. తరువాత దత్తపది, ఆపైన వర్ణన. నాలుగు ఆవృత్తులకు నాలుగు పద్యాలు పూర్తవుతాయి. ఆశువు ఈ లెక్కలోకి రాదు, అడిగినప్పుడే మొత్తం చెప్పేస్తాడు. పురాణపఠనమూ అంతే. నడుమ ఎప్పుడైనా వచ్చిపడేవి ఘంటానాదం, అప్రస్తుత ప్రసంగం, వ్యస్తాక్షరిలో సంఖ్యతో సహా అందించే అక్షరం.

దీనిలో ఏకకాలం ఎంత? సమస్యలోని రెండో పాదం చెబుతున్న క్షణంలో అవధాని దత్తపది పాదాన్ని చెప్పడం లేదు. రెండు పద్యాలు ‘నడుస్తున్నాయి’ అన్నది నిజం, కానీ ఒకటి నడుస్తున్నప్పుడు రెండోది నిలబడి ఉంది. పద్యరచనకు సంబంధించినంత వరకు ఇది వరస. వరసను ముక్కలుగా కోసి కలిపారు, అంతే.

ప్రయోగశాలలో తేలినదీ దీనికి విరుద్ధంగా లేదు. 1953లో కోలిన్ చెర్రీ చేసిన ప్రయోగంలో ఒక్కొక్క చెవిలో ఒక్కొక్క ప్రసంగం వినిపించి, ఒకదానిని వెంటవెంటనే తిరిగి చెప్పమన్నారు. రెండో చెవిలోని భాష ఇంగ్లీషు నుంచి జర్మనుకు మారినా చాలామంది గమనించలేదు. గొంతు పురుషుడిదో స్త్రీదో మాత్రం తెలిసింది. 1958లో డొనాల్డ్ బ్రాడ్‌బెంట్ దీనికి జల్లెడవంటి ఒక నమూనాను కల్పించాడు. మరుసటి సంవత్సరమే నెవిల్ మోరే, వినకుండా వదిలేసిన చెవిలో తన పేరు పలికితే కొందరు గుర్తిస్తారని చూపడంతో ఆ జల్లెడకు చిల్లులు పడ్డాయి. ఆన్ ట్రీస్‌మన్ వదిలిన సమాచారం పూర్తిగా ఆగిపోదు, బలహీనపడుతుంది అన్నది. 1973లో డేనియల్ కానెమన్ ఏకాగ్రతను పరిమితమైన మూలధనంగా భావించి, పనుల మధ్య దాని పంపకం గురించి మాట్లాడాడు. వివరణలు మారాయి గానీ, నిర్ణయం అవసరమయ్యే రెండు పనులు చాలా దగ్గరగా వస్తే రెండోది ఆగవలసి వస్తుందన్న గమనిక 1931 నాటి టెల్ఫర్డ్ ప్రయోగం నుంచి నిలిచే ఉంది.

పద్యపాదం చెప్పడమంటే ప్రతి పదం దగ్గరా నిర్ణయమే. అందువల్ల రెండు పాదాలను ఒకే క్షణంలో అల్లడం అవధాని చేయడు, ప్రక్రియ కూడా అతనిని అలా చేయమని అడగదు. అవధానాన్ని రూపొందించినవారు మనస్సు పరిమితిని అధిగమించలేదు. దానిని బాగా ఎరిగి, దాని అంచు దాకా నడిపించే పరీక్షను కట్టారు. ఈ వ్యాసకర్త దృష్టిలో అది చిన్న విషయం కాదు.

3. విడిచిన చోటికి తిరిగిరావడం

అలాగైతే కష్టం ఎక్కడ? పని మార్పులో ఉంది. 1995లో రోజర్స్, మోన్‌సెల్ ప్రచురించిన ప్రయోగాలలో, ఒక పని నుంచి మరో పనికి మారిన ప్రతిసారీ కొంత ఆలస్యం కనిపించింది. మార్పు రాబోతున్నదని ముందే తెలిసి, సిద్ధపడేందుకు వ్యవధి ఉన్నా ఆ ఆలస్యం పూర్తిగా పోలేదు. కచేరీలో ఫైలు మూసి మరొక ఫైలు తెరిచే గుమస్తాకూ, ప్రశ్నపత్రం తయారుచేస్తూ ఫోను ఎత్తిన అధ్యాపకుడికీ ఇది అనుభవమే. ఫోను పెట్టేశాక ‘ఎక్కడున్నాను?’ అని వెతుక్కునే ఆ కాసేపే ఇక్కడ చర్చనీయాంశం.

అవధాని ఈ వెతుకులాటను సభాముఖంగా, పదుల సార్లు చేయాలి. రెండు ఆవృత్తులు ముగిసేసరికి నాలుగు సగం పద్యాలు అతని దగ్గర ఉంటాయి. ఎనిమిది పాదాలు, వృత్తాలైతే ఇంచుమించు 160 అక్షరాలు. శతావధానంలో వంద పద్యాలనుకుంటే 400 పాదాలు, అంటే సుమారు 8,000 అక్షరాలు. 1956లో జార్జ్ మిల్లర్ తక్షణ స్మృతికి ఏడుకు అటూ ఇటూగా పరిమితి చెప్పాడు. 2001లో నెల్సన్ కోవన్ దానిని నాలుగుకు తగ్గించాడు. అక్షరాలుగా దాచుకుంటే ఎవరికీ సాధ్యం కాని పని ఇది.

అక్షరాలుగా దాచుకోనక్కరలేకుండా చేసేది ఛందస్సు. సమస్య ఉత్పలమాలలో ఉందనుకుందాం. ఇచ్చిన పాదంలోని రెండో అక్షరం ప్రాసను నిర్ణయిస్తుంది. ప్రతి పాదంలో 20 అక్షరాలు, పదో అక్షరం మొదటి అక్షరంతో యతి కుదరాలి. భ ర న భ భ ర వ అన్న గణక్రమం లయగా చెవిలో ఉంటుంది. ఈ నియమాలను మనం సాధారణంగా కవికి వేసిన సంకెళ్లుగా వర్ణిస్తాం. జ్ఞాపకం వైపు నుంచి చూస్తే అవి విడిచిన చోటిని గుర్తుపట్టే కొండగుర్తులు. మౌఖిక సంప్రదాయాల మీద 1995లో వెలువడిన గ్రంథంలో డేవిడ్ రూబిన్, అర్థం, లయ, ధ్వనిసామ్యం వంటి నిబంధనలు కలిసినప్పుడు రావడానికి వీలున్న పదాల సంఖ్య ఎలా కుదించుకుపోతుందో వివరించాడు. ఆయన ఉదాహరణలు ఇంగ్లీషు గాథలు, పిల్లల పాటలు. ప్రాసయతులు రెండూ తప్పనిసరైన మన వృత్తపద్యానికి ఆ వాదం మరింత బలంగా వర్తించాలి.

ఇక్కడి నుంచి ఒక ఊహ చేయవచ్చు, అది పరీక్షకు నిలబడేదో కాదో పరిశోధకులు చూడాలి. సమస్యకు చివరి పాదం బయటినుంచి వచ్చింది. దత్తపదికి పాదానికొక పదం చొప్పున నాలుగు గుర్తులున్నాయి. వర్ణనకు విషయం, ఛందస్సు తప్ప బయటి ఆధారం లేదు. అల్లడానికి తేలికని పేరున్న వర్ణన, ధారణలో ఎక్కువ తడబాటుకు గురికావాలి. నిషిద్ధాక్షరి దీనికి ఎదురుగా ఉంది. ప్రతి అక్షరానికీ అడ్డంకి ఎదురైనందువల్ల అవధాని అక్కడ అలవాటైన పదబంధాన్ని వాడలేడు, వెతికి సాధించిన పదాన్నే వాడాలి. చదివిన పదాల కంటే తామే పుట్టించిన పదాలు బాగా గుర్తుంటాయని స్లమెక్కా, గ్రాఫ్ 1978లో చూపారు. అదే నిజమైతే సభ అత్యంత కఠినమని భావించే అంశమే ధారణలో నమ్మకమైన అంశం కావాలి. మన విమర్శ ఇంతవరకు కాఠిన్యాన్ని ఒకే కొలతతో కొలిచింది. అల్లే కష్టమూ, నిలుపుకునే కష్టమూ వేరువేరు కావచ్చు.

4. ఘంట, కుక్కరు, మానిక

నిజమైన ఏకకాలం ఉన్న అంశం ఘంటాగణనం. పద్యం నోట్లో ఉండగానే గంట మోగుతుంది. మోగినన్ని సార్లు లెక్క ఉంచుకోవాలి, చివర మొత్తం చెప్పాలి. అష్టావధాన చర్చల్లో దీనికి ఒక్క వాక్యానికి మించి చోటు దొరకదు. పద్యం కాదు గనుక సాహిత్య విమర్శకులకు పట్టలేదు. మనస్సు వైపు నుంచి చూసేవారికి మాత్రం సభలో అన్నిటికంటే ఆశ్చర్యకరమైనది ఇదే.

కారణం ఇది. 1974లో బాడ్లీ, హిచ్ ప్రతిపాదించిన క్రియాత్మక స్మృతి నమూనాలో మాటలను లోలోపల పలుకుతూ నిలబెట్టే ఒక భాగం ఉంది, చిత్రాలను నిలబెట్టే భాగం వేరే ఉంది. అంకెలు లెక్కపెట్టడం మొదటి భాగానికి చెందిన పని. పద్యం అల్లడమూ అదే. ఒక చేత్తో రాస్తూ మరో చేత్తో గీయడం కాదిది, ఒకే నోటితో రెండు మాటలు పలకవలసి రావడం.

ఈ చిక్కు మన వంటింట్లో రోజూ ఉంది. కుక్కరు మూడు కూతలు వేశాక దింపాలి. ఈలోగా తాలింపు మాడకూడదు, పిల్లవాడి హోంవర్కు సందేహానికి జవాబు చెప్పాలి, పాలు పొంగకుండా చూడాలి. ‘ఇప్పుడొచ్చింది రెండోదా, మూడోదా?’ అన్న ప్రశ్న వినని ఇల్లు ఉండదు. ఎందుకు తప్పుతుంది ఆ లెక్క? ఒక కూతకూ మరొక కూతకూ తేడా లేదు. ఒకేలాంటి సంఘటనలు ఒకదానిమీద ఒకటి పడి విడివిడి గుర్తులుగా మిగలవు. పైగా కూతల మధ్య విరామం పెద్దది, ఆ విరామమంతా వేరే మాటలతో నిండిపోతుంది. గోడగడియారం గంటలు కొడుతున్నప్పుడు మూడో దెబ్బకు తేరుకుని కూడా వెనక్కి లెక్కపెట్టుకోగలం, ధ్వని కొన్ని క్షణాలపాటు చెవిలో నిలుస్తుంది కాబట్టి. కుక్కరు ఆ వెసులుబాటు ఇవ్వదు.

ఘంటాగణకుడు వరసగా నాలుగైదు దెబ్బలు కొట్టి ఆపితే అవధాని పని గడియారం వంటిది. పదం పూర్తిచేసి, చెవిలో మిగిలిన మోతను గుత్తగా లెక్కించి, పాత మొత్తానికి కలపవచ్చు. ఒక్కొక్క దెబ్బను చాలా ఎడంగా కొడితే పని కుక్కరు వంటిది. ఈ రెండు రకాల ఘంటాగణనం ఒకే కష్టం కాదు. కొట్టే పద్ధతిని నమోదు చేయకుండా ‘లెక్క సరిగా చెప్పారు’ అని మాత్రమే రాస్తే మనకేమీ తెలియదు.

లెక్క తప్పకుండా ఉండటానికి మనవాళ్లు కనిపెట్టిన ఉపాయాలు గమనించదగినవి. కళ్లంలో ధాన్యం కొలిచేవారు మొదటి మానికను ఒకటి అనక ‘లాభం’ అంటారు, తరువాతే రెండు, మూడు. దానిని శుభశబ్దంగా చెప్పుకున్నా, ప్రతి అంకెనూ పైకి పలకడం వల్ల లెక్క కొలిచేవాని తలలోంచి నలుగురి చెవుల్లోకి మారుతుంది. పాల లెక్కకు గోడమీద బొగ్గుగీతలు గీసిన ఇల్లాలు కూడా జ్ఞాపకాన్ని గోడకు అప్పగించింది. మామూలు మనిషి పరిమిత ఏకాగ్రతతో నెట్టుకొచ్చే మార్గం ఇదే, మోయవలసినదాన్ని బయటపెట్టడం. అవధానం నియమం దీనికి సరిగ్గా వ్యతిరేకం. కాగితం, కలం, గోడ ఏవీ ఉండవు. అవధానం అసాధారణమైనది ఇందుకు, ఎనిమిది పనుల సంఖ్యకు కాదు.

ఒక మాట పక్కన చెప్పుకోవాలి. వంటింటి పనిని ఎవరూ అవధానమనలేదు, అష్టావధానమని అన్నా అది హాస్యానికే. సభలో గంటలు లెక్కించినవారికి శాలువా, పొయ్యి దగ్గర కూతలు లెక్కించినవారికి లెక్క తప్పినప్పుడు మాట. రెండూ సమానమని ఈ వ్యాసం చెప్పడం లేదు, ఒకదానిలో పద్యం పుడుతోంది. అయినా ఏకాగ్రత గురించి తెలుగులో మాట్లాడే శాస్త్రం ఏదైనా రెండోదానిని వదిలేసి మొదటిదాన్ని అర్థం చేసుకోలేదు.

5. అప్రస్తుత ప్రసంగి: ప్రయాణికుడా, ఫోనా?

2001లో స్ట్రేయర్, జాన్‌స్టన్ డ్రైవింగును పోలిన పనిలో ఫోను సంభాషణ ప్రభావాన్ని పరిశీలించారు. ఫోను చేతిలో ఉన్నా లేకపోయినా సంకేతాలను గమనించడంలో నష్టం ఒకేలా ఉంది. చేతులు కాదు, సంభాషణే అడ్డు. తరువాత 2008లో స్ట్రేయర్ బృందమే, పక్కసీటులో కూర్చున్నవాడితో మాట్లాడటం అంత హానికరం కాదని చూపింది. అతనికి రోడ్డు కనిపిస్తుంది, రద్దీ వచ్చినప్పుడు మాట తగ్గిస్తాడు.

అప్రస్తుత ప్రసంగికీ రోడ్డు కనిపిస్తూనే ఉంటుంది. అవధాని యతి దగ్గర తడుముకుంటున్నాడని అతనికి తెలుసు. తెలిసీ అక్కడే మాట కలపడం అతని విద్య. ప్రయాణికుడి జ్ఞానం, ఫోను నిర్దయ అతనిలో కలిశాయి. అతని ప్రశ్నలను చమత్కారం కోసమే సంకలనాలు అచ్చువేస్తున్నాయి గానీ, ఏ పాదం మధ్యలో, ఏ అక్షరం తరువాత అడిగాడన్నది అందులో ఉండదు. ప్రశ్న ఎంత చమత్కారంగా ఉన్నా, ఖాళీ సమయంలో అడిగితే అది అవధానాంశం కాదు, విదూషకత్వం.

6. సాధన దేనిని పెంచుతుంది?

సాధనతో ఏకాగ్రత పరిమితి సడలుతుందనేందుకు ఆధారాలున్నాయి. 1976లో స్పెల్కీ, హర్స్ట్, నైసర్ ఇద్దరు విద్యార్థులకు కథ చదువుతూనే, చెప్పిన పదాలను రాయడం నేర్పారు. మొదట చదువు వేగం పడిపోయింది. వారాల తరబడి సాధన చేశాక మామూలు వేగంతో, అర్థం తెలిసి చదువుతూనే రాయగలిగారు. ఇక 1980లో ఎరిక్సన్, చేజ్, ఫలూన్ ప్రచురించిన అధ్యయనం అవధాన పరిశోధకులు తప్పక చదవవలసినది. ఏడంకెలు మాత్రమే గుర్తుంచుకోగలిగిన ఒక విద్యార్థి, సుమారు 230 గంటల సాధనతో 79 అంకెల దాకా వెళ్లాడు. అతను పరుగు పందేల్లో పాల్గొనేవాడు, అంకెలను పరుగు సమయాలుగా మార్చుకుని గుర్తుంచుకున్నాడు. అంకెల బదులు అక్షరాలిస్తే మళ్లీ ఆరు దగ్గరకు పడిపోయాడు.

ఈ చివరి వాక్యం దగ్గర ఆగాలి. పాఠశాలల్లో అవధానం నేర్పితే విద్యార్థులకు అన్ని విషయాల్లోనూ ఏకాగ్రత, జ్ఞాపకశక్తి పెరుగుతాయన్న వాదన సదస్సుల్లో తరచూ వినిపిస్తుంది. ఒక రంగంలోని సాధన మరో రంగానికి అంత సులువుగా బదిలీ కాదని థార్న్‌డైక్, వుడ్‌వర్త్ 1901లోనే హెచ్చరించారు. పద్యధారణలో దిట్ట అయిన వ్యక్తి బజారు సరుకుల పట్టీ మరచిపోతే అందులో వింత లేదు. అవధానాన్ని లెక్కల మార్కులు పెంచే సాధనంగా ప్రచారం చేస్తే, మార్కులు పెరగని రోజున దానిని వదిలేయడానికి కూడా మనమే కారణం సమకూర్చినవాళ్లమవుతాం. ఛందస్సు, నిఘంటుజ్ఞానం, సభామర్యాద నేర్పుతుందన్న కారణం చాలదా?

7. ముద్రిత ప్రతి పోగొట్టినది

తిరుపతి వేంకట కవుల ‘శతావధానసారము’ మొదలుకొని నిన్నమొన్నటి సంకలనాల దాకా ఒక పద్ధతి సాగుతోంది. సమస్య, దాని కింద నాలుగు పాదాల పూరణ. దత్తపది, దాని కింద పూర్తి పద్యం. పాఠకుడికి ఇది సౌకర్యం. కానీ సభలో ఆ నాలుగు పాదాలూ కలిసి పుట్టలేదు. మొదటి పాదానికీ రెండో పాదానికీ మధ్య ఏడుగురు పృచ్ఛకులున్నారు, శతావధానమైతే తొంభైతొమ్మిదిమంది ఉండవచ్చు. ముద్రణ ఆ మధ్యకాలాన్ని తీసివేసింది. అవధాన పద్యాన్ని తీరికగా రాసిన పద్యం నుంచి వేరుచేసేది ఆ మధ్యకాలమే. దానిని తీసివేసిన ప్రతులను ముందు పెట్టుకుని మనం అలంకారాలు, రసాలు, సామాజిక స్పృహ వెతుకుతూ సిద్ధాంతగ్రంథాలు సమర్పిస్తున్నాం. ఫలితంగా అవధాన పద్యం అవధానేతర పద్యంతో పోటీకి దిగి, చాలాసార్లు ఓడిపోతోంది. ఆ పోటీయే అన్యాయం.

ఈ లోటు కొంత పూడ్చగల ఆధారాలు లేకపోలేదు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి ‘కథలు – గాథలు’లోని అవధాన జ్ఞాపకాలు పద్యాల కోసం కాక, సభ నడిచిన క్రమం కోసం చదవదగినవి. జంటగా చేసే అవధానంలో ఏది ఎవరి జ్ఞాపకంలో ఉంటుందన్న ప్రశ్న ఇంకా ఎవరూ తేల్చవలసినంతగా తేల్చలేదు. ఇప్పటి సభలకు దృశ్యముద్రణలు ఉన్నాయి. సంక్షిప్తం చేయని ఒక్క ముద్రణను తీసుకుని, ప్రతి పాదానికీ పట్టిన సమయం, రెండో ఆవృత్తిలో పృచ్ఛకుడు ప్రశ్నను మళ్లీ చదివాడా లేదా, అవధాని ముందరి పాదాన్ని పైకి వల్లించి తరువాతి పాదానికి వెళ్లాడా, గంట ఏ గణం దగ్గర మోగింది, అప్రస్తుత ప్రసంగం తరువాత తొలి అక్షరం రావడానికి ఎంతసేపు పట్టింది అన్నవి పట్టికగా రాస్తే ఒక ఎం.ఫిల్. స్థాయి అధ్యయనానికి సరిపోతుంది. ధారణలో సవరణలు కూడా నమోదు కావాలి. మొదట చెప్పిన పాదానికీ ధారణలో చెప్పిన పాదానికీ తేడా వచ్చినప్పుడు, అచ్చులో రెండోదే మిగులుతోంది. మొదటిది ఏమిటో, మార్పు ప్రాసకు దూరంగా జరిగిందో దగ్గరగా జరిగిందో తెలిస్తే, పైన మూడో విభాగంలో చేసిన ఊహలు నిలిచేదీ పడిపోయేదీ అక్కడే తేలుతుంది.